శ్రమ, నిరీక్షణ, పరిచర్య: అనకాపల్లి ప్రాంత క్రైస్తవ చరిత్రలో కొన్ని మాటలు, వాటి వెనుక మనుషులు

ఉపోద్ఘాతం

తెలుగువారి సాధారణ వ్యవహారంలో 'శ్రమ' అంటే కాయకష్టం, దాని వల్ల కలిగే అలసట. శ్రమజీవి, శ్రమదానం, శ్రమశక్తి వంటి సమాసాలలో ఈ అర్థమే స్థిరపడింది. 'మీకు శ్రమ కలిగించాను' అన్నప్పుడు మాత్రం ఇబ్బంది అనే ఛాయ వినిపిస్తుంది. తెలుగు క్రైస్తవుల వ్యవహారంలో ఈ రెండో ఛాయే ప్రధానార్థమైంది. అక్కడ శ్రమ అంటే బాధ, యాతన. క్రీస్తు శ్రమలు అంటే శిలువ యాతన. శ్రమల దినాలు అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసకాలం. అనకాపల్లి బెల్లం బజారులో దిమ్మలు మోసే కళాసీ నోట వారమంతా వినిపించే శ్రమ, అదే ఊరి ప్రార్థనా మందిరంలో ఆదివారం వినిపించే శ్రమ ఒకే మాట. కాని వాటి అర్థాలు వేరు.

ఇటువంటి మాటలు మరికొన్ని ఉన్నాయి. సామాన్య వ్యవహారంలో 'నిరీక్షణ' అంటే ఎదురుచూపు. క్రైస్తవ వ్యవహారంలో అది దేవునిపై పెట్టుకొన్న ఆశ. 'పరిచర్య' అంటే గురువుకో రోగికో దగ్గర ఉండి చేసే ఉపచారం. క్రైస్తవులకు అది సంఘంలో, లోకంలో చేసే దైవకార్యం మొత్తానికి పేరు. 'తగ్గింపు' దుకాణంలో ధరకు సంబంధించిన మాట. ప్రార్థనా మందిరంలో అది వినయానికి పేరు. ఇవి అన్యభాషా పదాలు కావు, కొత్తగా కల్పించినవీ కావు. 19వ శతాబ్దంలో వరుసగా జరిగిన బైబిలు అనువాదాలు, సంస్కరణలు, కీర్తనలు, ప్రసంగాల ద్వారా ఈ తెలుగు మాటలే కొత్త బరువును మోయడం నేర్చుకున్నాయి.

బాధలో దేవుని నమ్ముకోవడం, వినయంతో సేవ చేయడం అనే రెండు భావాలను అనకాపల్లి చుట్టుపక్కల ప్రాంతపు క్రైస్తవ చరిత్ర ఆధారంగా, ఈ మాటల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విశ్వాసం బాధను మౌనంగా భరించడం మాత్రమేనా? వినయం ఎవరు ఎవరికి బోధించవలసిన గుణం? ఈ రెండు ప్రశ్నలకు ఈ నేల చరిత్ర కొంత సమాధానం చెబుతుంది.

అనకాపల్లి: బాధకు వెదకిన సమాధానాలు

శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం. అంతకుముందు అది విశాఖపట్నం జిల్లాలో భాగం. విశాఖపట్నం నుంచి ఎలమంచిలి, పాయకరావుపేటల మీదుగా తాండవ నది దాటి తుని, అక్కడి నుంచి కాకినాడ వైపు సాగే దారి మీద ఈ ఊరు ఉంది. క్రైస్తవ చరిత్రలో ఈ దారికి ప్రాధాన్యం ఉంది. దీని ఉత్తరపు కొస అయిన విశాఖపట్నంలో 1805లోనే లండన్ మిషనరీ సొసైటీ అడుగుపెట్టింది. దక్షిణపు కొస అయిన కాకినాడలో 1874లో కెనడియన్ బాప్టిస్టుల పని మొదలైంది. కాలక్రమంలో తుని, ఎలమంచిలి, నర్సీపట్నం ఈ రెండో మిషనుకు కేంద్రాలయ్యాయి. వీటిలో ఎలమంచిలి, నర్సీపట్నం నేటి అనకాపల్లి జిల్లాలోనివే.

బాధ గురించిన ఆలోచన ఈ ప్రాంతానికి క్రైస్తవంతో రాలేదు. అనకాపల్లికి ఆనుకొని ఉన్న శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. 20వ శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపాడు. 'సంఘారామం' అనే మాటే శంకరంగా మారిందని పండితుల అభిప్రాయం. దుఃఖాన్ని మొదటి సత్యంగా చెప్పి, దాని కారణాన్నీ నివారణనూ వెదకిన ధర్మం ఆ కొండ మీద శతాబ్దాల పాటు నిలిచింది. ఊళ్లోని గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి ఆలయం ఉంది. ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య జాతరకు ఉత్తరాంధ్ర నలుమూలల నుంచి జనం వస్తారు. కష్టం వచ్చినప్పుడు అమ్మవారికి మొక్కుకోవడం, గట్టెక్కిన తరువాత మొక్కు చెల్లించడం అక్కడి ఆచారం.

ఒక చోట బాధకు కారణాన్ని తెలుసుకోవడం మార్గమైంది. మరొక చోట బాధను తీర్చమని దైవంతో ఒడంబడిక చేసుకోవడం మార్గమైంది. క్రైస్తవం చెప్పిన మాట ఈ రెంటికీ కొంత భిన్నం. దేవుడే మనిషిగా బాధపడ్డాడనీ, కనుక బాధలో ఉన్నవాడు ఒంటరివాడు కాడనీ అది చెప్పింది. అయితే ఈ మాట ఈ నేల మీద మొదట వినిపించినప్పుడు దాన్ని చెప్పినవారే బాధలో ఉన్నారు.

విశాఖపట్నం: అర్ధాంతరంగా ఆగని పని

లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకొని సువార్తలను అనువదించడం వారి ముఖ్యకార్యం. అంతకుముందే బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి బైబిలు భాగాలు అనువదించాడు. అవి ముద్రణకు నోచుకోలేదు. అతని చిన్న పుస్తకాలు మాత్రం 18వ శతాబ్ది నడుమ జర్మనీలోని హాలేలో అచ్చయి తెలుగు ముద్రణ చరిత్రకు ఆది అయ్యాయి. అందువల్ల విశాఖపట్నంలో చేరినవారు దాదాపు మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

వారి పని వేగం అందుకొన్నది ఆనందరాయర్ అనే వ్యక్తి చేరిక తరువాతనే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, దక్షిణాదిలో క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ విశాఖపట్నం వచ్చి డె గ్రాంజ్‌తో కలిసి అనువాదానికి కూర్చున్నాడు. 1809 జనవరిలో క్రాన్ మరణించాడు. 1810 జులైలో డె గ్రాంజ్ కూడా మరణించాడు. విశాఖపట్నం చేరిన అయిదేళ్లకే ఇద్దరూ లేకుండా పోయారు. అయినా వారి చేతి పని మిగిలింది. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. వారి తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తి చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

ఈ వృత్తాంతంలో గమనించవలసినది ఒకటి ఉంది. క్రాన్, డె గ్రాంజ్‌లు తమ పని ఫలితాన్ని చూడలేదు. అచ్చయిన పుస్తకం వారి చేతికి రాలేదు. క్రైస్తవ పరిభాషలో 'నిరీక్షణ' అనేది కంటికి కనిపించని దాని కోసం చేసే ఎదురుచూపు. తెలుగులో ఆశకు ఈ మాటే స్థిరపడడం వల్ల ఒక ప్రయోజనం కలిగింది. ఆశ అన్నప్పుడు కోరిక, ఇంకా లోభం అనే అర్థాలు కూడా తోస్తాయి. నిరీక్షణ అన్నప్పుడు కాలం, ఓపిక స్ఫురిస్తాయి. ఎదురుచూసేవాడు ఎదురుచూస్తూనే పని చేస్తూ ఉండవచ్చు. విశాఖపట్నపు తొలి అనువాదకుల జీవితం ఈ అర్థానికి ఉదాహరణ.

మరొక విషయం. ఇద్దరు మిషనరీల పేర్లు ప్రతి మిషను చరిత్రలోను మొదటి పుటలో కనిపిస్తాయి. తెలుగు మాట కూర్చిన ఆనందరాయర్ పేరు వారి వెనుక సహాయకుడిగా వస్తుంది. ఒక భాషలోకి గ్రంథం వచ్చినప్పుడు ఆ భాష తెలిసినవాడు సహాయకుడా, కర్తా అనే ప్రశ్న సాహిత్యచరిత్రకారులకు కొత్తది కాదు. వినయం గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నను పక్కన పెట్టడం సాధ్యం కాదు. ఈ వ్యాసం చివర దీనికే తిరిగి రావలసి ఉంటుంది.

పురుషోత్తమ చౌదరి: బాధకు రాగం, తాళం

అనువాదం చేసిన మాటలు జనం నోట పలకాలంటే పాట కావాలి. ఆ పని చేసినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఉత్తర సర్కారుల ఉత్తర భాగంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంప్రదాయ విద్య అభ్యసించి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆ కాలంలో ఆ కులంవాడికి ఆ నిర్ణయం వల్ల బంధువులు, సంఘం, జీవనాధారం ఒక్కసారిగా దూరమయ్యే స్థితి ఉండేది. ఆ తరువాతి అర్ధ శతాబ్దానికి పైగా ఆయన శ్రీకాకుళం, విశాఖపట్నం మొదలైన చోట్ల బోధకుడిగా, రచయితగా జీవించాడు.

ఆయన కీర్తనలు పల్లవి, చరణాలతో, రాగతాళ నిర్దేశంతో ఉంటాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంకలనంలో అవి నేటికీ ప్రధాన భాగం. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు పొదగడం కాకుండా, సంకీర్తన సంప్రదాయంలో పెరిగిన చెవికి సహజమైన రూపాన్ని ఆయన ఎంచుకున్నాడు. ఆర్. ఆర్. సుందరరావు తన పరిశోధనలో తెలుగు క్రైస్తవ కీర్తనలకు భక్తి సంప్రదాయంతో గల సంబంధాన్ని విపులంగా చర్చించాడు.

ఈ రూపం ఎంపిక ప్రభావం భావం మీద కూడా పడింది. తెలుగు భక్తిసంప్రదాయంలో బాధలో ఉన్న భక్తుడు దేవునితో చనువుగా మాట్లాడతాడు. వేడుకొంటాడు, నిలదీస్తాడు, నిష్ఠురమాడతాడు. చెరసాలలో ఉన్న రామదాసు నిష్ఠురాలు తెలుగువారికి తెలిసినవే. శిలువ శ్రమలను గానం చేసే తెలుగు కీర్తన ఈ వారసత్వంలోనే నిలిచింది. అయితే అందులో ఒక తిరుగుబాటు ఉంది. రామదాసు పదాల్లో బాధపడేది భక్తుడు. శ్రమకాల కీర్తనల్లో బాధపడేది దేవుడు. భక్తుడు దాన్ని చూసి చలించి, తన బాధను ఆ బాధ పక్కన పెట్టుకొంటాడు. నిష్ఠురం చేయవలసిన చోట కరుణ పుడుతుంది. విశ్వాసం ఇక్కడ తర్కంతో నిలబెట్టిన సిద్ధాంతం కాదు. మరొకరి నొప్పిని గుర్తుపట్టడంలో నుంచి వచ్చిన నమ్మకం. సేవకు దారి ఇక్కడే తెరుచుకొంటుంది. దేవుని నొప్పిని చూడగలిగిన కన్ను పొరుగువాని నొప్పిని చూడకుండా ఉండలేదన్నది ఆ కీర్తనల అంతరార్థం.

థామస్ గాబ్రియేల్: తంతి ఉద్యోగం నుంచి అప్పుల దాకా

దారికి దక్షిణపు కొసన కాకినాడలో జరిగిన చరిత్ర మరొక విధమైనది. అక్కడ పనిని ప్రారంభించినవాడు విదేశీ మిషనరీ కాడు. మచిలీపట్నానికి చెందిన తెలుగువాడు థామస్ గాబ్రియేల్. ప్రభుత్వ తంతి శాఖలో ఉద్యోగం చేస్తూ, దాన్ని వదిలి సువార్త పనికి దిగాడు. గోదావరి ప్రాంతంలో చిన్న చిన్న సంఘాలు ఏర్పరచాడు. వాటిని నడపడానికి నిలకడైన ఆదాయం లేదు. అప్పులు పెరిగాయి. సహాయం కోసం అతను చేసిన ప్రయత్నాల ఫలితంగానే కెనడియన్ బాప్టిస్టులు ఈ ప్రాంతం వైపు చూశారు. 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరాడు. ఏడాది తిరగక ముందే, 1875 ఆరంభంలో, గాబ్రియేల్ మరణించాడు.

మెక్‌లారిన్ 1882లో సామర్లకోటలో బోధకుల శిక్షణకు సెమినరీ నెలకొల్పాడు. తుని, ఎలమంచిలి, నర్సీపట్నం కేంద్రాల నుంచి పల్లెలకు వెళ్లిన తెలుగు బోధకులలో చాలామందికి అది విద్యాస్థానమైంది. 20వ శతాబ్ది ఆరంభంలో విశాఖపట్నంలోని లండన్ మిషను పని కూడా కెనడియన్ బాప్టిస్టుల చేతికి వచ్చింది. ఆ విధంగా దారి రెండు కొసలూ, నడుమ ఉన్న అనకాపల్లి ప్రాంతమూ ఒకే మిషను పరిధిలోకి చేరాయి. స్వాతంత్ర్యానంతర కాలంలో ఈ సంఘాలు ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమాఖ్యగా, జనవ్యవహారంలో సి.బి.సి.ఎన్.సి.గా, తెలుగువారి నిర్వహణలో నిలిచాయి.

గాబ్రియేల్ జీవితంలో విజయం అనదగినది అతని కళ్ల ముందు జరిగింది చాలా తక్కువ. తాను మొదలుపెట్టిన దాన్ని మరొకరికి అప్పగించడమే అతను చేసిన చివరి పని. తాను కట్టుకొన్న దానిపై అధికారం వదులుకోవడం, అది పరాయివారి పేరు మీద సాగుతుందని తెలిసి కూడా అప్పగించడం వినయానికి ఒక రూపం. అది అతను ఎంచుకొన్నది. సంస్థాచరిత్ర ఆ మిషనును కెనడియన్ అనే పేరుతోనే పిలిచింది. ఎంచుకొన్న తగ్గింపుకు, చరిత్ర చేసిన తగ్గింపుకు మధ్య భేదం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కరవు కాలంలో ఎదురుచూపు

బాధ వ్యక్తిదిగా ఉన్నప్పుడు విశ్వాసం ఒక తీరు. ఊళ్లకు ఊళ్లే ఆకలితో ఉన్నప్పుడు మరొక తీరు. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఈ రెండో స్థితికి ప్రధాన నిదర్శనం అనకాపల్లి ప్రాంతంలో కాక, దక్షిణాన ఒంగోలులో కనిపిస్తుంది. అక్కడి పని కూడా నిరీక్షణతోనే మొదలైంది. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, కొద్దిమంది సహచరులు ఒంగోలు కొండ మీద ప్రార్థించారన్నది ప్రసిద్ధ కథనం. ఫలితాలు లేవని మూసివేయాలని పలుమార్లు తలచిన మిషను అది. 1866లో జాన్ క్లాఫ్ ఒంగోలు చేరాడు. తోలు వ్యాపారి అయిన ఎర్రగుంట్ల పేరయ్య ఆ ఏడాదే బాప్తిస్మం పొంది, తన మాదిగ బంధుజనంలో ఆ మాటను నడిపించాడు.

1876–78 నాటి ధాత కరవులో క్లాఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారిని అతను ఏడాదికి పైగా ఆపివుంచాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది కారణం. కూలి పనులు ముగిసిన తరువాతే ఆ కార్యక్రమం మొదలైంది. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్య తరచుగా విజయగాథగా ఉదహరింపబడుతుంది. ఈ వ్యాసానికి కావలసినది సంఖ్య కాదు, దానికి ముందున్న ఏడాది. ఆకలి తీరిన తరువాత కూడా ఆ జనం తిరిగి వచ్చారు. కాలువ గట్టు మీద వారికి 'శ్రమ' రెండు అర్థాలలోనూ ఒకటే. తట్టలు మోసిన కాయకష్టమూ అదే, కరవు బాధా అదే. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రిక అయిదో అధ్యాయం శ్రమ నుంచి ఓర్పుకు, ఓర్పు నుంచి పరీక్షకు, పరీక్ష నుంచి నిరీక్షణకు మెట్లు కడుతుంది. తెలుగు బైబిలులో ఆ మెట్లకు నిలిచిన మాటలు ఇవే. బాధ పడేవాడు ఊరకే పడి ఉన్నవాడు కాడనీ, అతనూ ఒక పని చేస్తున్నాడనీ తెలుగు మాట స్ఫురింపజేస్తుంది. మూలభాషలోని మాటలకు ఒత్తిడి, నలుగుడు అనే అర్థాలున్నా, తెలుగు పాఠకుడికి తోచేది చెమట.

పరిచర్య: దగ్గర ఉండడం

నిఘంటువుల్లో పరిచర్యకు సేవ, శుశ్రూష అనే అర్థాలు కనిపిస్తాయి. శుశ్రూష అంటే మొదట వినాలనే కోరిక. చెప్పేది వినడానికి దగ్గర కూర్చున్నవాడే ఉపచారమూ చేస్తాడు. ఉత్తర సర్కారులలో క్రైస్తవ వైద్యసేవ ఈ అర్థానికి దగ్గరగా నడిచింది. కెనడియన్ మిషనరీ ఎస్. ఐ. హాచ్ కృషితో 19, 20 శతాబ్దుల సంధికాలంలో రామచంద్రపురంలో కుష్ఠురోగుల కోసం కెల్లాక్ ఆశ్రమం ఏర్పడింది. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులోని ఫిలదెల్ఫియా వైద్యశాల కూడా ఈ రోగుల సేవకు పేరుపొందినదే. 1940ల దాకా కుష్ఠుకు సరైన మందు లేదు. అందువల్ల అంతకుముందు ఆ ఆశ్రమాలలో జరిగినది ఎక్కువగా కట్లు కట్టడం, కడగడం, తిండి పెట్టడం, దగ్గర ఉండడం. నయం చేయలేనని తెలిసి కూడా దగ్గర ఉండడమే అక్కడి పరిచర్య.

రోమన్ కథోలిక సంప్రదాయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1846లో ఫ్రాన్సులోని అనెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు విశాఖపట్నం వచ్చారు. 1849లో అదే పట్టణపు జోసెఫ్ సభ కన్యస్త్రీలు యానాంలో దిగారు. విద్య, వైద్యం వారి పనిలో ప్రధానమయ్యాయి. పవిత్ర గురువారం నాడు గురువు పన్నెండుమంది పాదాలు కడిగే ఆచారం కథోలిక దేవాలయాల్లో నేటికీ సాగుతున్నది. మన సంప్రదాయంలో వచ్చిన పెద్దలకు ఇంటివారు కాళ్లు కడుగుతారు. అల్లునికి మామ కడుగుతాడు, గురువుకు శిష్యుడు కడుగుతాడు. కడిగేవాడు ఆ సందర్భంలో తక్కువ స్థానంలో ఉంటాడు. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో గురువే శిష్యుల కాళ్లు కడగడం ఆ వరుసను తలకిందులు చేసింది. ఆ ఘట్టంలో పేతురు అభ్యంతరం చెప్పడం తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా వివరించవలసిన పని లేదు. ఏ తెలుగు శిష్యుడైనా అదే మాట అని ఉండేవాడు.

తగ్గించు, తగ్గించుకొను

వినయానికి తెలుగు క్రైస్తవులు వాడే క్రియ 'తగ్గించుకొను'. ఇందులోని 'కొను' అనుప్రయుక్తం. క్రియాఫలం కర్తకే చెందుతుందని అది చెబుతుంది. వండు, వండుకొను అనే జంటలో ఉన్న భేదమే ఇక్కడా ఉంది. తగ్గించుకొనేవాడు తనను తాను తగ్గించుకొంటాడు. అదే క్రియలో నుంచి 'కొను' తీసివేస్తే మిగిలేది 'తగ్గించు'. దాని కర్మ పొరుగువాడు. వినయం సుగుణం కావడానికీ అణచివేత కావడానికీ మధ్య ఉన్నది ఈ ఒక్క అనుప్రయోగమే.

ఈ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. బావి దగ్గర, గుడి దగ్గర, వీధిలో వారిని సమాజం తరతరాలుగా తగ్గిస్తూనే ఉంది. అటువంటివారికి తగ్గింపును బోధించడంలో ఉన్న ప్రమాదాన్ని గుర్తించకుండా మిషను చరిత్రను పూర్తిగా అర్థం చేసుకోలేము. మిషను బంగళాలో ఉన్న తెల్లవారిని జనం 'దొరగారు' అన్నారు. సంఘకాపరిని 'అయ్యగారు' అన్నారు. తనను సేవకుడని చెప్పుకొన్నవాడికి 'సేవకుడు' అనే మాటే గౌరవబిరుదైంది. పేరులో తగ్గింపు ఉండి, స్థానంలో హెచ్చింపు ఉన్న సందర్భాలివి. మరోవైపు ఇంటింటికీ తిరిగి స్త్రీలకు చదువు, వాక్యం చెప్పిన తెలుగు బైబిలు స్త్రీలు, పల్లెల్లో బడి నడిపిన పంతుళ్లు మిషను నివేదికలలో చాలాచోట్ల సంఖ్యలుగానే మిగిలారు. వారిది తగ్గించుకోవడమా, తగ్గింపబడడమా అని ప్రతి సందర్భంలోనూ అడగవలసి ఉంది. ఆనందరాయర్ విషయంలో అడిగిన ప్రశ్న ఇదే.

అయితే చరిత్రకు మరొక పార్శ్వం కూడా ఉంది. ఎవరూ తాకనివారి పుండ్లు కడగడానికి పైస్థానంలో ఉన్నవారు వంగినప్పుడు, వంగినవారి తగ్గింపు ఎదుటివారికి గౌరవమైంది. కుష్ఠురోగి తనను తాకిన చేతిని చూసినప్పుడు అతను తగ్గలేదు, హెచ్చాడు. బడిలో కూర్చొని అక్షరం నేర్చుకొన్న మాదిగ పిల్లవాడు హెచ్చాడు. పౌలు ఫిలిప్పీ పత్రికలో చెప్పిన క్రీస్తు తగ్గింపు ఎత్తు నుంచి దిగిరావడమే. కింద ఉన్నవారిని మరింత కిందికి తోయడానికి అది ఆధారం కాదు.

ఈ వివేచనను తెలుగు సాహిత్యంలో అత్యంత తీవ్రంగా చేసినవాడు గుర్రం జాషువ (1895–1971). వినుకొండలో పుట్టిన ఈ కవి కళింగాంధ్రకు చెందినవాడు కాకున్నా, ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు తెలుగు క్రైస్తవ సమాజమంతటికీ చెందుతుంది. 'గబ్బిలం' (1941)లో ఆలయ ప్రవేశం లేని అరుంధతీసుతుడు తన గోడును గబ్బిలం ద్వారా శివునికి పంపుతాడు. 'క్రీస్తు చరిత్ర' (1958) 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. మొదటి కావ్యం దేవునికి చేసిన ఫిర్యాదు. రెండోది బాధపడిన దైవానికి చేసిన నివాళి. ఈ రెంటికీ వైరుధ్యం ఉందనుకోవడం పొరపాటు. ఫిర్యాదు చేసేవాడు వినేవాడొకడున్నాడని నమ్ముతాడు. బైబిలులోని యోబు కూడా మౌనంగా భరించినవాడు కాడు. తాను పుట్టిన దినాన్ని శపించి, దేవునితో వాదానికి దిగినవాడు. గ్రంథాంతంలో దేవుడు తప్పుపట్టింది బాధకు లెక్కలు చెప్పిన స్నేహితులను. యోబు తనను గురించి యుక్తంగా మాట్లాడాడని చెప్పాడు. నిష్ఠురం విశ్వాసానికి వ్యతిరేకం కాదని రామదాసుకూ యోబుకూ జాషువకూ తెలుసు.

ముగింపు

అనకాపల్లి దారి పొడవునా సాగిన ఈ చరిత్ర నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగు క్రైస్తవ పరిభాష బాధను 'శ్రమ' అనీ, ఆశను 'నిరీక్షణ' అనీ పిలవడం ద్వారా విశ్వాసానికి క్రియాత్మకమైన అర్థాన్ని ఇచ్చింది. క్రాన్, డె గ్రాంజ్‌ల అసంపూర్ణ అనువాదం, గాబ్రియేల్ అప్పులు, కరవులో ఒంగోలు జనం ఎదురుచూపు ఈ అర్థానికి చారిత్రక నిదర్శనాలు. రెండు, పురుషోత్తమ చౌదరి వంటి కవులు తెలుగు భక్తిసంప్రదాయంలోని నిష్ఠురాన్ని, చనువును వదలకుండానే దానికి కొత్త కేంద్రాన్ని ఇచ్చారు. ఆ కేంద్రం బాధపడే దైవం. మూడు, 'తగ్గించుకొను' అనే క్రియ వినయాన్ని ఎంచుకొనే స్వేచ్ఛతో ముడిపెట్టింది. ఆ స్వేచ్ఛ లేనివారికి బోధించిన వినయం సువార్త కాదు.

మిషను చరిత్రలు పేర్లు ఉన్నవారి గురించి విస్తారంగా చెప్పాయి. ఎలమంచిలి, నర్సీపట్నం పల్లెలలో పని చేసిన తెలుగు బోధకులు, పంతుళ్లు, బైబిలు స్త్రీల జీవితాలు పాత సంఘపు దస్తావేజుల్లో, సమాధుల మీద, కుటుంబాల జ్ఞాపకాల్లో చెదిరి ఉన్నాయి. ఆ సామగ్రి సేకరణ తెలుగు పరిశోధనకు సమీపంలో ఉన్న కర్తవ్యం. వారు తమను తాము తగ్గించుకొన్నారు. వారిని తగ్గించే పని చరిత్రరచన చేయకూడదు.